శిశువు మెదడుకు తొలి ఆహారం ఆ నీరే

కాన్పు ఆపరేషన్ కోసం బల్ల మీదికి చేరిన తల్లిని మత్తు డాక్టరు పక్కకు తిరిగి, మోకాళ్ళు కడుపుకు ఆనించి, కదలకుండా పడుకోమంటాడు. ఆ తర్వాత వెన్నులో సూది దించుతాడు. సూది సరైన చోటికి చేరిందని ఆయనకు ఎలా తెలుస్తుంది? సూది వెనుక కొసన ఒక చుక్క మెరుస్తుంది. రంగు లేకుండా, ఊటనీరులా తేటగా ఉండే ఆ చుక్క కనిపించాకే మందు ఎక్కిస్తాడు. మెదడు పొరల వాపు అనుమానంతో ఆసుపత్రికి తెచ్చిన పసిబిడ్డ వెన్ను నుంచి పరీక్ష కోసం తీసేదీ ఆ నీరే. "వెన్నులో నీరు తీస్తారట, బిడ్డ ఇక నడవడట" అని మన ఇళ్ళలో నానీలు, దాదీలు బెంబేలెత్తిపోయేదీ దాని గురించే. (సూది దించే చోట వెన్నుపాము ఉండదు. అది అంతకంటే పైనే ముగిసిపోతుంది. ఆ భయం అక్కర్లేదు.)

వైద్యులు దీన్ని మస్తిష్క మేరు ద్రవం అంటారు. మనం మెదడు నీరు అనుకుందాం. పెద్దవాళ్ళలో తల, వెన్ను కలిపి ఇది 125 నుంచి 150 మిల్లీలీటర్లు ఉంటుంది. అంటే ఒక టీ గ్లాసెడు. రోజుకు సుమారు అర లీటరు కొత్తగా ఊరుతుంది, పాతది రక్తంలో కలిసిపోతుంది. దాదాపు 1,400 గ్రాముల మెదడు ఈ నీటిలో తేలుతూ 50 గ్రాముల వస్తువంత తేలికైపోతుంది. తల మీద దెబ్బ తగిలినా లోపల అదిరిపోకుండా ఈ నీరు పరుపులా కాపాడుతుంది. వైద్య పుస్తకాలు చాలాకాలం దీని గురించి ఇంతవరకే చెప్పి ఊరుకున్నాయి.

అయితే తల్లి గర్భంలో, మెదడు ఇంకా మెదడు కాని రోజుల్లో, ఈ నీరు చేసే పని వేరు. ఆ సంగతి శాస్త్రజ్ఞులకు బోధపడింది ఈ యాభై ఏళ్ళలోనే. అది పిల్లలు కనే వయసులో ఉన్న ప్రతి ఇంటికీ పనికొచ్చే సంగతి కాబట్టి ఇక్కడ వివరంగా చెప్పుకుందాం.

28 రోజుల్లో మూసుకునే తలుపు

గర్భం నిలిచిన మూడో వారంలో పిండం నువ్వుగింజ కంటే చిన్నది. దాని వీపు మీద పలక లాంటి ఒక కణాల పొర ఏర్పడుతుంది. ఆ పలక రెండు అంచులూ మెల్లగా పైకి లేచి, ఒకదానివైపు మరొకటి వంగి, మధ్యలో అతుక్కుంటాయి. అక్కడి నుంచి జిప్పు లాగినట్లు తలవైపూ నడుమువైపూ మూసుకుంటూ పోతాయి. అలా పలక గొట్టంగా మారుతుంది. దీన్నే నాడీ నాళం అంటారు. 25వ రోజు ప్రాంతంలో తలవైపు కొస, 28వ రోజు ప్రాంతంలో నడుమువైపు కొస మూసుకుంటాయి. తలవైపు మూసుకోకపోతే మెదడు, పుర్రె ఏర్పడని శిశువు తయారవుతుంది. అలాంటి బిడ్డ బతకదు. నడుమువైపు మూసుకోకపోతే వీపు మీద నీటి సంచిలాంటి ఉబ్బుతో బిడ్డ పుడుతుంది. కాళ్ళు చచ్చుబడటం, మూత్రం మీద అదుపు లేకపోవడం వంటి బాధలు బతుకంతా వెంటాడవచ్చు.

ఈ రోజుల లెక్క గర్భం నిలిచిన నాటి నుంచి సుమా! నెల తప్పిన సంగతి గమనించి, మరో వారం ఎదురుచూసి, భర్తతో చెప్పుకుని, అత్తగారి చెవిన వేసి, ఆసుపత్రికి వెళ్ళేసరికి ఆ తలుపు మూసుకుపోయి ఉంటుంది. మంచిగానో, చెడుగానో!

గొట్టం మూసుకున్నప్పుడు లోపల కాస్త ఉమ్మనీరు చిక్కుకుంటుంది. అదే మెదడు నీటికి మొదలు. ఆ తర్వాత గొట్టం గోడలే లోపలికి ద్రవాన్ని వదులుతాయి. మరికొన్ని వారాల్లో మెదడు గదుల లోపల రక్తనాళాలు కుచ్చుల్లా అల్లుకుని, నీటిని ఊరించే పని చేపడతాయి. తలవైపు గొట్టం మూడు బుడగలుగా, ఆపైన అయిదుగా ఉబ్బుతుంది. ముందు ముందు 8,600 కోట్ల నాడీకణాలతో నిండబోయే మెదడు అప్పటికి పలుచని గోడ, లోపల నీరు. అంతే!

దివ్యఖుర్ఆన్ సూరె మోమినూన్ 12 నుంచి 14 వరకు గల ఆయతుల్లో గర్భస్థ శిశువు దశల ప్రస్తావన ఉంది. సూరె జుమర్ 6వ ఆయతులో మూడు చీకట్ల ప్రస్తావన ఉంది. వీటిని చదివినప్పుడు మన సోదరుల్లో కొందరు నేటి విజ్ఞానశాస్త్రం మొత్తాన్నీ వాటిలోంచి పిండి చూపాలని ఉబలాటపడతారు. ఈ వ్యాస రచయితకు అది సరైన పద్ధతి అనిపించదు. ఖుర్ఆన్ మానవాళికి మార్గదర్శక గ్రంథం, ప్రసూతి శాస్త్ర గ్రంథం కాదు. పరిశోధకుడు ఈనాడు చెప్పింది రేపు దిద్దుకుంటాడు. ఆ దిద్దుబాట్లకు దైవవాక్కును ముడివేయడం మర్యాద కాదు. అయితే మనిషి తాను దేని నుంచి పుట్టాడో చూసుకోవాలన్న పురమాయింపు మాత్రం ఖుర్ఆన్‌లో స్పష్టంగా ఉంది. ఆ చూడటం అనే పనిని కొందరు కోడిగుడ్డు దగ్గర మొదలుపెట్టారు.

కోడిగుడ్డులో కనిపించిన నిజం

కోడి పొదిగితే గుడ్డు 21 రోజులకు పిల్ల అవుతుంది. మెదడు గొట్టం మూసుకుని ఉబ్బడం పొదుగుడు మొదలైన రెండు, మూడు రోజుల్లోనే జరుగుతుంది. పెంకుకు చిన్న కిటికీ కోస్తే ఆ మార్పు కంటికి కనిపిస్తుంది. 1977లో అమెరికాలో మేరీ డెస్మండ్, ఆంటోన్ జేకబ్సన్ అనే ఇద్దరు పరిశోధకులు సన్నని గాజుగొట్టాన్ని కోడి పిండం మెదడు గదిలోకి దించారు. లోపలి నీరు ఒత్తిడి లేకుండా బయటికి పోయే ఏర్పాటు అది. మెదడు పెరుగుదల కుంటుపడింది. గది ఉబ్బకపోవడమే కాదు, గోడలోని కణాల సంఖ్య కూడా చాలా తగ్గింది. బుడగలో గాలి నింపితేనే అది సాగినట్లు, నీటి ఒత్తిడి ఉంటేనే మెదడు పెరుగుతుందని తేలింది.

చాలా ఏళ్ళపాటు అందరూ ఒత్తిడినే పెద్ద కారణంగా చూశారు. నీటిలో ఏముందన్న ప్రశ్న వెనకబడింది.

స్పెయిన్ ఉత్తర ప్రాంతంలోని వల్యదోలిద్ నగర విశ్వవిద్యాలయంలో ఏంజెల్ గాటో బృందం ఆ ప్రశ్నను పట్టుకుంది. 2005లో ప్రచురించిన వారి ప్రయోగం చాలా సాదాసీదా అయినది. కోడి పిండం మెదడు గోడ నుంచి చిన్న ముక్క తీశారు. పోషకాలు కలిపిన కృత్రిమ ద్రవంలో గాజు పళ్ళెంలో ఉంచారు. కణాలు విభజన చెందడం ఆగిపోయింది. చాలా కణాలు చనిపోయాయి. నాడీకణాలుగా మారడం జరగలేదు. అదే ద్రవానికి పిండం మెదడు నుంచి తీసిన నీటిని కలిపారు. కణాలు గుడ్డులో ఉన్నట్లే బతికాయి, విభజన చెందాయి, నాడీకణాలుగా మారసాగాయి!

గాజు పళ్ళెంలో ఒత్తిడి లేదు కదా! అయినా నీరు తన పని చేసింది. కాబట్టి ఆ నీటిలో ఏదో ఉంది. వెతికితే దొరికినవి ప్రోటీన్లు. కణాలను విభజన చెందమని చెప్పే ఒక వృద్ధికారక ప్రోటీన్ అందులో ఒకటి. విటమిన్ ఏని మోసుకువచ్చి అందించే ప్రోటీన్ మరొకటి. ఆ విటమిన్ నుంచి తయారయ్యే పదార్థం లేత కణాలను నాడీకణాలుగా మారేందుకు పురికొల్పుతుంది. ఇంకా కొవ్వును మోసే ప్రోటీన్లు, ఒకదాని పనికి మరొకటి అడ్డుకట్ట వేసే ప్రోటీన్లు... పట్టిక పెద్దది.

ఇక్కడ ఒక మాట చెప్పి ముందుకు పోవాలి. విటమిన్ ఏ అవసరమన్నారు కదా అని గర్భిణి ఆ బిళ్ళలు సొంతంగా మింగకూడదు. మోతాదు మించితే అదే పిండానికి హాని చేస్తుంది. "రక్తం పడుతుంది" అని మన ఇళ్ళలో తొలి నెలల్లో కోడళ్ళకు కలేజీ వండి పెడుతుంటారు. కలేజీలో ఈ విటమిన్ దండిగా ఉంటుంది. అందుకే గర్భిణులు కలేజీకి దూరంగా ఉండాలని వైద్యులు చెబుతున్నారు. ఆకుకూరల్లో, క్యారెట్లో ఉండే రూపంతో ఆ ప్రమాదం లేదు.

ఊటా? లీకేజీయా?

పెద్దవాళ్ళ మెదడు నీటిలో ప్రోటీన్లు చాలా స్వల్పం. 100 మిల్లీలీటర్లకు 15 నుంచి 45 మిల్లీగ్రాములు. అంతకు మించితే ఏదో జబ్బు ఉందని డాక్టర్లు అనుమానిస్తారు. పిండం మెదడు నీటిలో మాత్రం ప్రోటీన్లు దానికి చాలా రెట్లు ఎక్కువ. ఎందుకని?

పాత జవాబు ఇలా ఉండేది: పిండం దశలో రక్తానికీ మెదడుకూ మధ్యనుండే కట్టుదిట్టమైన గోడ ఇంకా తయారు కాలేదు, అందుకే రక్తంలోని ప్రోటీన్లు కారి నీటిలో కలుస్తున్నాయి. అంటే అది కట్టడంలో ఉన్న ఇంటి గోడ చెమ్మ వంటిదన్న మాట. వైద్య విద్యార్థులు తరతరాలుగా ఇదే చదివారు.

నార్మన్ సాండర్స్, కటార్జినా డీగెలెవ్‌స్కా అనే పరిశోధకులు దశాబ్దాల తరబడి గొర్రె పిండాల మీద, ఇతర జంతువుల మీద పనిచేసి దీన్ని కాదన్నారు. పిండం దశలోనే ఆ గోడలోని కణాలు ఒకదానితో ఒకటి గట్టిగా అతుక్కుని ఉన్నాయి. కారడానికి సందు లేదు. నీటిని ఊరించే కుచ్చులోని కొన్ని కణాలు రక్తం నుంచి ఫలానా ప్రోటీన్‌ను ఎంచి, తమ గుండా దాటించి, నీటిలోకి వదులుతున్నాయి. పోలికలు ఉన్న రెండు ప్రోటీన్లలో ఒకదాన్ని తీసుకుని మరొకదాన్ని వదిలేస్తున్నాయి. కారిపోయే నీటికి ఎంపిక ఉంటుందా? అది లీకేజీ కాదు, వడ్డన. శిశువు మెదడుకు రక్తనాళాలు పూర్తిగా అల్లుకోకముందే లోపలి నుంచి సాగే వడ్డన!

దేన్ని ఏ రోజుల్లో వడ్డించాలో కూడా లెక్క ఉంది. అమెరికాలోని బోస్టన్‌లో మరియా లెహ్టినెన్, మౌరో జాపటెరా మొదలైనవారు 2011లో ఈ సంగతి చూపారు. ఎలుక పిండాల మెదడు ముక్కలను రకరకాల వయసుల ఎలుకల మెదడు నీటిలో పెట్టి చూశారు. మెదడు పొర చురుకుగా పెరిగే దశలోని పిండం నీటిలో మూలకణాలు బాగా వృద్ధి చెందాయి. పెద్ద ఎలుకల నీటిలో అలా జరగలేదు. ఆ దశ నీటిలో ఎక్కువగా కనిపించింది ఇన్సులిన్‌ను పోలిన ఒక వృద్ధికారక ప్రోటీన్. మూలకణాలు నీటివైపు ఉండే తమ అంచున దాన్ని అందుకునే ద్వారాలు తెరుచుకుని ఉన్నాయి. ఆ ప్రోటీన్ తయారు కాని ఎలుకలకు మెదడు చిన్నదిగా వచ్చింది.

కార్డోవా వైద్యుడు చూసిన బాలుడు

వల్యదోలిద్ స్పెయిన్‌లో ఉందన్నాం. అదే దేశం దక్షిణాన, కార్డోవా పక్కన మదీనతుజ్జహ్రా అనే నగరం ఉండేది. వెయ్యేళ్ళ క్రితం అక్కడ అబుల్ ఖాసిం అజ్జహ్రావీ అనే శస్త్రవైద్యుడు ఉండేవారు. ఆయన సుమారు 1013లో కన్నుమూశారు. ఆయన రాసిన 'కితాబుత్తస్రీఫ్'లో 30 భాగాలున్నాయి. చివరిది శస్త్రచికిత్స. అది లాటిన్‌లోకి అనువాదమై యూరప్ వైద్యులకు శతాబ్దాల పాటు పాఠ్యపుస్తకమైంది. అందులో పసిపిల్లల తలలో నీరు చేరే జబ్బు గురించి ఒక ప్రకరణం ఉంది. ఒక మగబిడ్డ తల రోజురోజుకూ పెరిగిపోయి, ఆ బరువుకు కూర్చోలేక, చివరికి చనిపోవడం తాను చూశానని ఆయన రాసుకున్నారు.

కారణం? పుట్టేటప్పుడు మంత్రసాని బిడ్డ తలను మొరటుగా పట్టుకోవడమని రాశారు. తెలియని కారణం వల్ల కూడా రావచ్చని ఒప్పుకున్నారు. మహా వైద్యుడి పుస్తకంలో కూడా నింద ముందు ఒక స్త్రీ మీదికే పోయిందని గమనించారా? మంత్రసానికి బదులు ఈనాడు తల్లి మీదికి పోతోంది. ఆ సంగతికి తర్వాత వద్దాం.

ఊరిన నీరు పోయే దారి మూసుకుపోతే, లేదా పీల్చుకోవడం తగ్గితే అది మెదడు గదుల్లో నిలిచి తలను ఉబ్బిస్తుంది. వీపు మీద సంచితో పుట్టిన పిల్లల్లో చాలామందికి ఈ బాధ కూడా ఉంటుంది. 1950ల దాకా దీనికి నమ్మకమైన చికిత్స లేదు. అమెరికాలో జాన్ హోల్టర్ అనే సాంకేతిక పనివాడికి ఇలాంటి కొడుకు పుట్టాడు. డాక్టర్లు ఎదుర్కొంటున్న చిక్కు తెలుసుకుని ఆయన తన సొంత పనితనంతో సిలికాన్ కవాటం తయారుచేశాడు. అదనపు నీరు సన్నని గొట్టం గుండా బయటికి పోవాలి, వెనక్కి రాకూడదు. 1956 నుంచి అది పిల్లల ప్రాణాలు కాపాడటం మొదలుపెట్టింది. ఈనాడు గొట్టాన్ని చర్మం కిందుగా కడుపులోకి దించుతున్నారు. దీన్ని షంట్ అంటారు. ఉత్తరప్రదేశ్‌లోని షాజహాన్‌పూర్‌లో తయారయ్యే ఛాబ్రా షంట్ విదేశీ షంట్ల ధరలో చిన్న వంతుకే దొరుకుతుంది. ఉగాండాలో 195 మంది పిల్లల మీద ఈ చౌక షంట్‌నూ, ఒక ఖరీదైన విదేశీ షంట్‌నూ పోల్చి చూశారు. 2005లో వెలువడిన ఆ ఫలితాల్లో ఏడాది తర్వాత రెండింటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. కొందరు పిల్లలకు గొట్టం లేకుండానే, లోపల నీటికి కొత్త దారి చేసే దుర్బీను ఆపరేషన్ కూడా ఉంది.

అయితే తల్లిదండ్రులను తొలిచే ప్రశ్న ఒకటుంది. నీరు తీసేశారు, తల తగ్గింది, మరి కొందరు పిల్లలు చదువులో, నడకలో ఎందుకు వెనకబడుతున్నారు? ఇంగ్లాండులోని మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో జలీల్ మియాన్ బృందం దీనికి ఒక జవాబు వెతికింది. పుట్టుకతోనే తలలో నీరు చేరే ఒక జాతి ఎలుకల మెదడు నీటిలో ఆరోగ్యంగా ఉన్న మెదడు కణాలను పెంచితే అవి విభజన మధ్యలోనే ఆగిపోయాయి. నిలిచిపోయిన నీరు కేవలం ఎక్కువైన నీరు కాదు, దానిలోని సరుకే మారిపోయింది. ఫోలేట్ అనే విటమిన్‌కు సంబంధించిన ఒక ప్రోటీన్ అందులో తగ్గింది. దాంతో కణాలకు ఫోలేట్ అందడం దెబ్బతింది. తల్లి ఎలుకలకు రెండు ప్రత్యేక రూపాల్లో ఫోలేట్ కలిపి ఇస్తే ఈ జబ్బుతో పుట్టే పిల్లల సంఖ్య తగ్గిందని 2009లో ప్రకటించారు. మామూలు ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఇస్తే ఆ మేలు కలగలేదు. ఇది ఎలుకల ముచ్చట. దీన్ని చదివి ఎవరూ తమ మాత్ర మార్చుకోకూడదు.

బొంబాయి మిల్లుల నుంచి భీమవరం దాకా

ఫోలేట్ అన్న మాట వచ్చింది కాబట్టి దాని పుట్టుక చెప్పుకోవాలి. అందులో మనవాళ్ళ పాత్ర ఉంది.

1928లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయి వచ్చారు. బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణులు ఒక రకమైన రక్తహీనతతో ప్రాణాలు కోల్పోతున్నారు. ఎవరికి ఎక్కువగా వస్తోందని ఆమె ఇంటింటి తిండినీ పరిశీలించారు. అందరికంటే నాసిరకం తిండి తింటున్నదీ, అందరికంటే ఎక్కువగా ఈ జబ్బు పాలవుతున్నదీ పేద ముస్లిం స్త్రీలని తేలింది. ఈస్ట్ నుంచి తీసిన చౌకరకం సారం పెడితే వారు కోలుకున్నారు. 1931లో ఆమె ఈ సంగతి ప్రచురించారు. ఆ సారంలోని తెలియని పదార్థానికి విల్స్ ఫ్యాక్టర్ అని పేరొచ్చింది. పేరైనా మిగలని ఆ స్త్రీల రక్తం నుంచే ప్రపంచానికి ఈ విటమిన్ జాడ తెలిసింది.

ఆ పదార్థాన్ని 1941లో పాలకూర నుంచి వేరుచేసి, ఆకు అనే అర్థం వచ్చే లాటిన్ మాటతో ఫోలిక్ యాసిడ్ అన్నారు. దాన్ని ప్రయోగశాలలో తయారుచేసి మాత్రగా మార్చిన లెడర్లీ సంస్థ బృందానికి సారథి మన భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. ఆయన అన్నను బలిగొన్న స్ప్రూ అనే పేగు వ్యాధికి ఆ మాత్ర మందుగా నిలిచింది. పుట్టబోయే పిల్లల వెన్నును కాపాడేది కూడా అదేనని తెలుసుకునేందుకు ఆయన జీవించి లేరు. 1948లోనే పోయారు.

1991లో ఆ సంగతి రుజువైంది. అంతకుముందు నాడీ నాళం మూసుకోని బిడ్డను కన్న 1,817 మంది స్త్రీలను ఏడు దేశాల్లో 33 కేంద్రాల్లో పరిశీలించారు. గర్భానికి ముందు నుంచే రోజుకు 4 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ తీసుకున్నవారిలో ఆ లోపం మళ్ళీ రావడం 72 శాతం తగ్గింది. మరుసటి ఏడాది హంగరీలో, అంతకుముందు అలాంటి కాన్పు లేని స్త్రీలలోనూ మేలు కనిపించింది. ఫోలిక్ యాసిడ్ కలిసిన విటమిన్ తీసుకున్న రెండు వేల పైచిలుకు మందిలో ఒక్క బిడ్డకూ ఈ లోపం రాలేదు. తీసుకోని ఇంచుమించు అంతే మందిలో ఆరుగురికి వచ్చింది.

కణం రెండుగా విభజన చెందాలంటే ఫోలేట్ కావాలి. 28 రోజుల్లో పలకను గొట్టంగా చుట్టాలంటే కణాలు ఎంత వేగంగా విభజన చెందాలో ఊహించండి. గొట్టం సరిగా మూసుకుంటేనే లోపల నీరు నిలుస్తుంది. నీరు నిలిస్తేనే పైన చెప్పుకున్న వడ్డన మొదలవుతుంది.

అందుకే పిల్లల్ని కనాలనుకున్న స్త్రీ గర్భం రాకముందు నుంచే, మొదటి మూడు నెలలు ముగిసేదాకా రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ వేసుకోవాలి. ఇలాంటి బిడ్డను ఒకసారి కన్న తల్లికి పది రెట్లు మోతాదు కావాలి, అది డాక్టరు రాసివ్వాలి. మూర్ఛ మందులు వాడేవారు, మధుమేహం ఉన్నవారు గర్భానికి ముందే డాక్టరును కలవాలి. కొన్ని మూర్ఛ మందులకు, అదుపులో లేని చక్కెరకు ఈ లోపంతో సంబంధం ఉంది. తోటకూర, పాలకూర, పప్పులు, శనగలు మంచివే. కానీ ఆకుకూరను గంటసేపు ఉడకబెడితే ఫోలేట్ చాలా భాగం పోతుంది. కూరను నమ్ముకుని మాత్ర మానరాదు. రమజాన్ వచ్చిందని కూడా మానక్కర్లేదు. ఇఫ్తార్ తర్వాత వేసుకోవచ్చు. ఉపవాసం విషయంలో గర్భిణికి షరీఅత్‌లో సడలింపు ఉన్న సంగతి పాఠకులకు తెలిసిందే.

మన ఇళ్ళలో నిఖా కుదిరిన నాటి నుంచి జహేజు జాబితాలు, దావత్ జాబితాలు రాస్తారు. బీరువా, మంచం, వాషింగ్ మెషీను అన్నీ ఉంటాయి. కొద్ది రూపాయల ఈ మాత్ర ఏ జాబితాలోనూ కనిపించదు.

గ్రహణం చేసిందా? కోడలు చేసిందా?

ఇక నింద సంగతి. ఇలాంటి బిడ్డ పుట్టినప్పుడు ముందు వినపడేది "గ్రహణం రోజు బయటికొచ్చావా?" అన్న ప్రశ్న. రెండోది "ఎవరి నజర్ తగిలిందో!" మూడోది మరీ బాధాకరం: "మా వంశంలో ఇలాంటివి లేవు." పచ్చి బాలింత ఈ మూడింటికీ జవాబు చెప్పలేక గోడవైపు తిరిగి పడుకుంటుంది.

దైవప్రవక్త ముహమ్మద్ (స) కుమారుడు ఇబ్రాహీం (రజి) పసితనంలో మరణించిన రోజున సూర్యగ్రహణం పట్టింది. ఆ మరణం వల్లే గ్రహణం పట్టిందని జనం చెప్పుకున్నారు. పుత్రశోకంలో ఉండి కూడా ఆయన (స) ఆ మాటను అక్కడే ఖండించారు. ఎవరి చావు వల్లా, ఎవరి పుట్టుక వల్లా సూర్యచంద్రులకు గ్రహణం పట్టదనీ, అవి అల్లాహ్ సూచనల్లో రెండనీ తెలియజేశారు. ఈ హదీసు బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది. తన బిడ్డ విషయంలోనే ప్రవక్త (స) ఒప్పుకోని మాటను మనం కోడలి బిడ్డ విషయంలో ఎలా అంటాం?

తల్లి తప్పని చెప్పడానికి వీల్లేదు. గొట్టం మూసుకోకపోవడానికి, నీటి దారి ఇరుకవడానికి కారణాలు పలు రకాలు. కొన్ని జన్యువుల్లో ఉంటాయి, అవి తండ్రి వైపు నుంచి కూడా వస్తాయి. కొన్ని గర్భంలో సోకే అంటువ్యాధుల వల్ల. మాత్ర వేసుకున్నవారికి కూడా ఒక్కోసారి వస్తుంది. దగ్గరి బంధువుల పెళ్ళిళ్ళలో కొన్ని జన్యు లోపాలకు అవకాశం పెరుగుతుంది. పిన్నమ్మ, మేనమామ పిల్లల మధ్య నిఖాకు షరీఅత్ అనుమతి ఉంది, ఆజ్ఞ లేదు. ఒక బిడ్డకు ఇలా జరిగిన ఇంట్లో రెండో కాన్పుకు ముందు జన్యు నిపుణుణ్ణి కలవడం మేలు.

తావీజుల కోసం దర్గా నుంచి దర్గాకు, బాబా నుంచి బాబాకు తిరుగుతూ నెలలు పోగొట్టుకోవడం మరో విషాదం. వైద్యం చేయించుకోవాలా అని ఎడారివాసులు అడిగితే చేయించుకోమనే ప్రవక్త (స) చెప్పారు. ఉసామా బిన్ షరీక్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు అబూదావూద్, తిర్మిజీలలో ఉంది. దుఆ ఇంటి దగ్గరా చేయవచ్చు, ఆపరేషన్ గది బయట బెంచీ మీదా చేయవచ్చు. నిలిచిపోయిన నీరు మాత్రం తావీజు కోసం ఆగదు. పెరిగే మెదడును రోజూ గోడకేసి నొక్కుతూ ఉంటుంది.

గర్భిణికి 18 నుంచి 20 వారాల మధ్య చేసే స్కానింగ్‌లో నాడీ నాళం లోపాలు, పెద్దవైన మెదడు గదులు చాలావరకు కనిపిస్తాయి. పుట్టాక కనిపెట్టడానికి దర్జీ టేపు చాలు. కనుబొమల పైనుంచి, తల వెనుక ఎత్తుగా ఉండే చోటు మీదుగా చుట్టూ కొలవాలి. నెలలు నిండి పుట్టిన బిడ్డ తల సుమారు 33 నుంచి 35 సెంటీమీటర్లు ఉంటుంది. మొదటి మూడు నెలల్లో నెలకు సుమారు రెండు సెంటీమీటర్ల చొప్పున పెరుగుతుంది. అంతకంటే గబగబా పెరుగుతున్నా, బిడ్డ ఏడవకుండా నిటారుగా ఉన్నప్పుడు కూడా మాడు ఉబ్బి బిగుసుకుని ఉన్నా, నల్లగుడ్లు అస్తమించే సూర్యుడిలా కిందికి దిగి పైన తెల్లగుడ్డు కనిపిస్తున్నా, ఊరకే వాంతులవుతున్నా ఆ రోజే పిల్లల డాక్టరుకు చూపించాలి. టీకాల కార్డు మీద తేదీ వేసి, పక్కన ఆ కొలత రాసి పెట్టుకోండి. నెల తర్వాత మళ్ళీ అదే టేపుతో, అదే చోట కొలవండి.